స్పై రేడియో: ఆనవాలు లేని సెట్టుకు ఆధారాలు ఎక్కడ?

పాత మిలిటరీ సామాను అమ్మే చోట ఏ చిన్న రేడియోకైనా ‘స్పై సెట్’ అని చీటీ తగిలిస్తే రేటు అమాంతం పెరిగిపోతుంది. జర్మనీలోని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో ఏటా జరిగే హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకు రేడియో నడిపేవారి) సంతలోనైనా, ఆన్‌లైన్ వేలంలోనైనా ఇదే తంతు. అమ్మేవాడు కావాలని మోసం చేస్తున్నాడనీ అనలేం. చాలాసార్లు అతనికీ తెలియదు. ట్యాంకులో బిగించే సెట్టు, విమానంలోంచి ఊడదీసిన రిసీవర్, యుద్ధం అయిపోయాక 1950లలో తయారైన సరుకు, అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. బ్రిటన్ మార్క్ 123, అమెరికా ఆర్‌ఎస్-6 నిజంగా గూఢచారుల సెట్లే. కానీ అవి కోల్డ్ వార్ కాలానివి. వాటిని పట్టుకుని రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ ఆక్రమణపై జరిగిన ఫ్రెంచ్ ప్రతిఘటన కథ చెబితే నమ్మేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

రెండో ప్రపంచయుద్ధంలో శత్రువు ఆక్రమించిన ఊళ్లో దాక్కుని, మోర్స్ కోడ్‌లో వార్తలు పంపే మనిషి కోసం ప్రత్యేకంగా చేసిన సెట్లు వేరే జాతి. వాటిని సేకరించడంలో ఒక ఇరకాటం ఉంది. ఎవరు చేశారో, ఎక్కడిదో, ఎవరిదో తెలియకూడదనే వాటిని తయారు చేశారు. ఇప్పుడు వాటి ధర మాత్రం ఎవరు చేశారు, ఎక్కడిది, ఎవరిది అన్న మూడు ప్రశ్నల మీదే ఆధారపడుతుంది. పైగా నిజంగా పని చేసిన సెట్లలో చాలావరకు పట్టుబడ్డాయి, నదుల్లో పడ్డాయి, పెరళ్లలో పాతిపెట్టబడ్డాయి. ఇవాళ నిగనిగలాడుతూ అద్దాల బీరువాల్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం యుద్ధం ముగిసేదాకా గోదాములోనే కూర్చున్న సెట్లు అయ్యుండాలి. మచ్చలేని సెట్టు కనిపిస్తే సేకర్త మురిసిపోతాడు గానీ, మచ్చ లేదంటే అది రంగంలోకే దిగలేదేమోనని ముందు అనుమానించాలి.

ఈ రంగంలో అందరూ ముందుగా అడిగేది బీ-2. పూర్తి పేరు టైప్ 3 మార్క్ 2. 1940 జూలైలో బ్రిటన్ ఏర్పాటు చేసిన స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్, అంటే ఎస్‌ఓఈ కోసం జాన్ బ్రౌన్ అనే ఇంజినీరు దీన్ని రూపొందించాడు. మామూలు ప్రయాణాల సూట్‌కేసులో రిసీవర్, ట్రాన్స్‌మిటర్, పవర్ సప్లై, విడిభాగాల డబ్బా పక్కపక్కనే అమరి ఉంటాయి. మొత్తం దాదాపు 15 కిలోలు. సుమారు 3 నుంచి 15 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది, 20 వాట్ల వరకు పంపుతుంది. వాతావరణం అనుకూలిస్తే ఫ్రాన్స్ నుంచి లండన్‌కు అది చాలు. అసలు బాధ ఆ 15 కిలోలతోనే. బట్టలున్న పెట్టెను పట్టుకున్నట్టు తేలిగ్గా ఊపుకుంటూ రైల్వే స్టేషన్‌లో జర్మన్ సిపాయి ముందు నుంచి నడిచిపోవాలి. చెయ్యి కిందికి లాగేస్తుంటే మొహంలో ఏమీ కనిపించకూడదు.

మూత తీసి దగ్గర్నుంచి చూస్తే బీ-2 గురించి చాలా తెలుస్తుంది. ట్రాన్స్‌మిటర్ ముందు భాగంలో క్రిస్టల్ గుచ్చే రంధ్రాలు ఉంటాయి. వేలెడంత క్వార్ట్జ్ క్రిస్టల్ ఏది పెడితే దాని ఫ్రీక్వెన్సీ మీద, లేదంటే దాని రెట్ల మీద మాత్రమే పంపగలం. ఏజెంటుకు ఏ రోజు, ఏ వేళకు, ఏ క్రిస్టల్ వాడాలో ముందే చెప్పి పంపేవారు. దాని దగ్గర్లోనే విడిగా ఊడొచ్చే కాయిల్ (తీగచుట్ట). బ్యాండు, అంటే ఫ్రీక్వెన్సీల పట్టీ మారితే ఒక కాయిల్ తీసి మరొకటి పెట్టాలి. ట్రాన్స్‌మిటర్ ఆఖరి దశలో 6ఎల్6 వాల్వు (పాత రేడియోల్లోని వాక్యూమ్ ట్యూబు), దాని ముందు ఈఎల్32. రిసీవర్‌లో నాలుగు లాక్టల్ వాల్వులు. ఇవి సాకెట్‌లో గడియ పడినట్టు బిగుసుకుంటాయి కాబట్టి కుదుపులకు ఊడిరావు. ఇవాళ అమ్మకానికి వచ్చే సెట్లలో మొదట మాయమైపోయేవి ఈ చిల్లర సరుకులే: క్రిస్టళ్లు, అదనపు కాయిళ్లు, హెడ్‌ఫోన్, బుల్లి మోర్స్ కీ, విడిభాగాల డబ్బా. ఇనప పెట్టెలు మూడూ దొరకడం అంత కష్టం కాదు. సరైన కాయిళ్ల జత దొరకబుచ్చుకోవడానికే కొందరికి ఏళ్లు పడుతుంది.

సూట్‌కేసుది మరో కథ. ఎస్‌ఓఈ మొదట్లో ఇచ్చిన పెట్టెలు ఒకేలా, కొత్తగా, ఇంగ్లిష్ తయారీ అని చూడగానే తెలిసేలా ఉండేవి. ఒక పెట్టె పట్టుబడితే మిగతా వాటన్నిటికీ ముప్పే. తర్వాత్తర్వాత యూరప్ శరణార్థుల దగ్గర పాత పెట్టెలు సేకరించి వాడారు. విమానం నుంచి జారవిడిచే సెట్లకైతే సూట్‌కేసే లేదు, నీళ్లు చొరబడని ఇనప డబ్బాల్లో పంపారు. దీంతో ఇవాళ్టి సేకర్తకు పెద్ద చిక్కు వచ్చిపడింది. ‘అసలైన పెట్టె’ అనే ఒకే నమూనా లేదు. పాత సామాన్ల బజారులో ఆ కాలపు తోలు పెట్టె ఒకటి కొని, విడిగా దొరికిన బీ-2 యూనిట్లు అందులో కూర్చితే చూడ్డానికి ఏ లోటూ ఉండదు. పెట్టె లోపల అట్టల మీద యూనిట్ల అంచులు ఏళ్ల తరబడి ఒరుసుకున్న గుర్తులు, స్క్రూలు దిగిన పాత రంధ్రాలు, తీగ బయటికి వచ్చే చోట అరుగుదల ఉన్నాయా లేవా అని చూడడం తప్ప మార్గం లేదు. పెట్టె కోసం అదనంగా వేల పౌండ్లు పెట్టే బదులు, పెట్టె లేని సెట్టును పెట్టె లేని సెట్టుగానే కొనుక్కోవడం చాలా సందర్భాల్లో తెలివైన పని.

పెట్టె మీద ఊరూ పేరూ లేకపోయినా లోపలి భాగాలు కొంత సాక్ష్యం చెబుతాయి. బ్రిటిష్ తయారీలో అప్పట్లో బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) కొలతల మరలు వాడేవారు. నడుమ ఎక్కడైనా మెట్రిక్ మర కనిపిస్తే తర్వాత ఎవరో విప్పి బిగించారని అర్థం. ప్లాస్టిక్ ఫిల్మ్ కెపాసిటర్ (విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే భాగం) ఉంటే అది యుద్ధానంతర మరమ్మతు. టంకం మెరుపు ఒక చోట ఒకలా, మరో చోట మరోలా ఉంటే చెయ్యి పడిందన్నమాట. ఈ సూచనలు సెట్టు వయసును, దానికి జరిగిన మరమ్మతులను చెబుతాయి. దాన్ని ఫలానా ఏజెంటు వాడాడని మాత్రం ఏ మరా చెప్పదు. ఆ మాట కాగితం చెప్పాలి: కుటుంబం దగ్గరి ఉత్తరం, స్టోర్ రసీదు, యుద్ధకాలపు ఫొటో. కాగితం లేని కథకు డబ్బు కట్టకూడదు.

కథలు ఎంత సులువుగా పుడతాయో నూర్ ఇనాయత్ ఖాన్ ఉదంతం చూస్తే తెలుస్తుంది. టిప్పు సుల్తాన్ వంశానికి చెందిన ఈమె 1943 జూన్‌లో ఎస్‌ఓఈ వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఫ్రాన్స్‌లో దిగింది. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్‌కు మన హైదరాబాదుతో గట్టి సంబంధం ఉంది. నిజాం ఆస్థానంలో సంగీతం వినిపించినవాడు, ఇక్కడి సూఫీ గురువు అబూ హాషిం మదనీ శిష్యుడు. పారిస్‌లో తోటి ఏజెంట్లు ఒక్కొక్కరే పట్టుబడుతున్నా ఆమె అక్టోబర్ దాకా ఇల్లు మారుస్తూ, చోటు మారుస్తూ పంపుతూనే ఉంది. ఎవరో పట్టిచ్చారు. 1944 సెప్టెంబర్ 13న డాకౌ నాజీ నిర్బంధ శిబిరంలో చంపేశారు. 1949లో బ్రిటన్ శౌర్య పతకం జార్జ్ క్రాస్ ఇచ్చారు. ఆమెతోపాటు సెట్టు, పంపిన సందేశాల పుస్తకం కూడా జర్మన్ల చేతికి చిక్కాయి. ఆమె పేరుతోనే వాళ్లు కొంతకాలం లండన్‌కు సందేశాలు పంపి మరికొందరిని వలలో వేసుకున్నారు. కాబట్టి ‘నూర్ వాడిన రేడియో’ అంటూ ఎవరైనా ఏదైనా చూపిస్తే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: జర్మన్ల చేతిలోంచి ఇది మళ్లీ ఎలా బయటపడింది? ‘నూర్ వాడిన రకం’ అని మ్యూజియం రాసే చీటీకీ, ‘నూర్ వాడినది’ అని అమ్మకందారు రాసే చీటీకీ మధ్య ఒక్క మాటే తేడా. ధరలో తేడా మాత్రం చెప్పనలవి కాదు.

నెదర్లాండ్స్‌లో జరిగింది ఇంకా ఘోరం. 1942 మార్చిలో హ్యూబర్ట్ లావర్స్ అనే ఆపరేటర్‌ను హేగ్‌లో జర్మన్ నిఘా విభాగం పట్టుకుని, అతని చేతే లండన్‌కు సందేశాలు పంపించింది. మామూలుగా సందేశంలో చేర్చాల్సిన రహస్య గుర్తును, తను పట్టుబడ్డానని తెలిపేందుకు అతను కావాలని వదిలేశాడు. లండన్ పట్టించుకోలేదు. ఫలితంగా ఒకరి తర్వాత ఒకరుగా 50 మందికి పైగా ఏజెంట్లు, వాళ్లతోపాటు కొత్త సెట్లు, ఆయుధాలు నేరుగా జర్మన్ల చేతుల్లోకే దిగాయి. అంటే బ్రిటన్‌లో తయారై, జర్మన్ గదిలో పనిచేసిన సెట్లు కూడా ఉన్నాయన్నమాట. అలాంటి సెట్టును ‘ప్రతిఘటన వీరుల రేడియో’ అనాలో, ఇంకేమనాలో సేకర్తలే తేల్చుకోవాలి.

ఏ సెట్టును చూసినా ముందు చూడాల్సింది దాని పవర్ సప్లై. ఎక్కడ, ఎలాంటి మనిషి వాడతాడని తయారీదారు ఊహించాడో అక్కడే తెలిసిపోతుంది. బీ-2 ఇంటి ఏసీ కరెంటు మీదా నడుస్తుంది, 6 వోల్టుల కారు బ్యాటరీ మీదా నడుస్తుంది. బ్యాటరీ సౌకర్యం ఏదో అదనపు హంగు అనుకోవద్దు. దొంగ సిగ్నల్ ఏ పేట నుంచి వస్తోందో తెలుసుకోవడానికి జర్మన్లు ఒక్కో పేటకూ కరెంటు తీసేసి, సిగ్నల్ ఎప్పుడు ఆగుతుందో చూసేవారు. బ్యాటరీ ఉన్నవాడు ఆగడు, దొరకడు.

డెన్మార్క్‌లో ఇదే సెట్టు ఇరుక్కుపోయింది. కోపెన్‌హాగన్‌లో అప్పటికి చాలా ఇళ్లకు డీసీ కరెంటే. బీ-2లోని ట్రాన్స్‌ఫార్మర్ నేరుగా డీసీ మీద పనిచేయదు. పైగా బరువు. బ్యాంగ్ అండ్ ఓలుఫ్సెన్ కంపెనీ ఇంజినీరు డూస్ హాన్సెన్, లండన్ పంపిన సెట్టు పనికిరాదని తేల్చి, ఏసీకీ డీసీకీ పనికొచ్చేలా తనే ఒకటి తయారు చేశాడు. టెలిఫోన్ డైరెక్టరీ అంత ఉంటుంది కాబట్టి దాన్ని ‘టెలిఫోన్ పుస్తకం’ అనే పిలిచారు. ఒక చిన్న దేశంలోని ఇంజినీరు తన ఊరి కరెంటును చూసి చేసిన పని, లండన్ నిపుణుల పనికంటే మెరుగ్గా కుదిరింది. సేకర్తల దృష్టి ఎప్పుడూ బీ-2 మీదే నిలవడం ఒక్కోసారి అన్యాయంగా అనిపించేది ఇందుకే. సోవియట్ గెరిల్లాలకు అడవిలో ప్లగ్గే లేదు. వాళ్ల ‘సేవెర్’ సెట్టు బ్యాటరీల మీదే నడిచేది. దిగ్బంధంలో ఆకలితో అల్లాడుతున్న లెనిన్‌గ్రాడ్‌లోనే దాన్ని ఉత్పత్తి చేశారు. బిస్కెట్ డబ్బాల్లో పెట్టి పంపిన ఎంసీఆర్-1 అయితే ఉత్త రిసీవర్. బీబీసీ చదివే సంకేత వాక్యాలు వినడానికి అది చాలు. పంపే యంత్రం లేదు కాబట్టి దాని నుంచి సిగ్నల్ పట్టుకుని ఇంటిదాకా వచ్చే భయం తక్కువ. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారికి ఇదే మంచిదని చాలామంది అంటారు, అందులో నిజముంది.

యుద్ధం ముగిశాక ఈ సెట్లకు రెండో జీవితం మొదలైంది. 1946లో బ్రిటన్‌లో హ్యామ్ లైసెన్సులు మళ్లీ ఇవ్వడం మొదలయ్యాక, మిగులు సరుకుగా అమ్మిన బీ-2లను చవగ్గా కొనుక్కుని వాడినవాళ్లు చాలామంది. 1947లో పసిఫిక్ దాటిన కాన్-టికి తెప్ప మీద కూడా బ్రిటిష్ మార్క్ 2 ట్రాన్స్‌మిటర్లు రెండు ఉన్నాయి. ఆ తెప్ప మీద రేడియో చూసుకున్నవారిలో ఒకడైన క్నుట్ హాగ్లండ్ అంతకుముందు నార్వేలో ఎస్‌ఓఈ ఆపరేటర్. 1942 అక్టోబర్‌లో హార్డాంగర్ పీఠభూమి మంచులో దిగిన బృందానికి లండన్‌తో సంబంధం కలిపింది అతనే. 1944 ఏప్రిల్‌లో ఓస్లోలోని ఒక ప్రసూతి ఆసుపత్రి పైభాగంలో సెట్టు పెట్టుకుని పంపుతుండగా జర్మన్లు చుట్టుముడితే కాల్పులు జరుపుతూ తప్పించుకున్నాడు.

హ్యామ్‌ల చేతిలో పడ్డ సెట్లకు కొత్త రంధ్రాలు పడ్డాయి. ఒకరు కొత్త మీటర్ పెట్టారు, ఒకరు సాకెట్ మార్చారు, ఇంకొకరు ముచ్చటపడి రంగు వేశారు. ఇవాళ సేకర్తలు వీటిని చూసి నెత్తి కొట్టుకుంటారు. ఆ రంధ్రాలను పూడ్చి, పాత నల్ల రంగు మళ్లీ వేసి, ‘ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు’ చేసేస్తారు. అది పొరపాటు నిర్ణయం. పేరూ ఊరూ లేని ఆ డబ్బా మీద రుజువు చేయగలిగిన ఒకే ఒక్క చరిత్ర ఆ రంధ్రమే. 1948లో ఎవరో ఒక మనిషి దాన్ని వాడాడని అది చెబుతోంది. దాన్ని చెరిపేస్తే మిగిలేది ఊహాగానమే.

ఆన్ చేసి చూడాలన్న ఆత్రం ఇంకో ప్రమాదం. ఎనభై ఏళ్ల నాటి కాగితపు కెపాసిటర్లలోంచి కరెంటు కారుతుంది. ఎలక్ట్రొలైటిక్ రకం కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. నేరుగా ప్లగ్గు పెడితే మొదట పోయేది ట్రాన్స్‌ఫార్మర్, దానికి బదులు దొరకదు. వేరియాక్ అనే వోల్టేజ్ నియంత్రకంతో మెల్లగా పెంచుకుంటూ పోవడం మేలు. అయినా పాడైన కెపాసిటర్ దానివల్ల బాగుపడదు. కొందరు పాత కెపాసిటర్ గొట్టాన్ని ఖాళీ చేసి, లోపల కొత్తది దాచి, పైకి పాతదానిలాగే ఉంచుతారు. చక్కటి పనే, కాకపోతే ఆ సంగతి ఒక చీటీ మీద రాసి సెట్టు లోపల పెట్టాలి. లేకపోతే ఇవాళ్టి మరమ్మతు రేపటి నకిలీ అవుతుంది. ట్రాన్స్‌మిటర్‌కు వెళ్లే వోల్టేజీ 500 దాకా ఉంటుందన్న సంగతీ గుర్తుంచుకోవాలి. టెలిఫోన్ పుస్తకంలాంటి ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లలోనైతే ఛాసీకే, అంటే లోపలి లోహపు చట్రానికే మెయిన్స్ కరెంటు తగిలే వీలుంది. చెయ్యి పెట్టేముందు రెండుసార్లు ఆలోచించాలి.

అసలు సెట్టు కొనే స్తోమత లేనివారికి పారాసెట్ అనే చిన్న సెట్టుకు నకలు చేసుకునే దారి ఉంది. బ్రిటిష్ విదేశీ గూఢచార సంస్థకు చెందిన వాడన్ హాల్ వర్క్‌షాపులో పుట్టిన ఈ సెట్టులో మూడే వాల్వులు: రెండు 6ఎస్‌కే7, ఒక 6వీ6. మోర్స్ కీ ప్యానెల్‌లోనే కలిసి ఉంటుంది. పంపేది 5 వాట్ల లోపే. రిసీవర్ రీజనరేటివ్ రకం, అంటే అందుకున్న సిగ్నల్‌లో కొంత మళ్లీ తనలోకే తిప్పుకుని పెంచుకునేది. తక్కువ భాగాలతో బాగా వినిపిస్తుంది, కాకపోతే వినేటప్పుడు తనూ కాస్త తరంగాలు వదులుతుంది. పక్కింట్లో రేడియో వింటున్నవాడికి కూత వినిపించే ప్రమాదం ఉందని తెలిసీ దాన్నే పంపారంటే, తేలికైన సెట్టు కోసం ఎంత తెగించారో చూడండి. దీని సర్క్యూట్ ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉంది. గిటార్ యాంప్లిఫయర్ల పుణ్యమా అని 6వీ6 ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది. అందుకే ప్రపంచమంతటా హ్యామ్‌లు పారాసెట్ నకళ్లు చేసుకుని గాలిలోకి వస్తుంటారు. నకలు అని బయటికే చెప్పి చేసే నకలులో దొంగతనం లేదు. పైగా సెట్టు ఎలా పనిచేసిందో బీరువాలో ఉన్న అసలు సెట్టుకంటే అదే బాగా నేర్పుతుంది. ఉదాహరణకు కీ నొక్కిన ప్రతిసారీ స్వరం కొద్దిగా జారుతుంది. తరంగాన్ని పుట్టించే క్రిస్టల్ ఆసిలేటర్‌నే నేరుగా కీతో ఆపి నడపడం వల్ల వచ్చే లోపమది. అలా జారే స్వరం ఉన్న సెట్టును శత్రువు చెవులు గుర్తుపెట్టుకోవడం కూడా తేలికే.

మన దేశంలో చేసేవాళ్లకు మాత్రం చట్టం అడ్డుంది. వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవాలన్నా లైసెన్సు కావాలని 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమే చెప్పింది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలోనూ రేడియో పరికరం కలిగి ఉండడానికి అనుమతి అవసరమన్న సూత్రమే ఉంది. విదేశీ వేలంలో బీ-2 కొని పార్శిల్ వేయించుకుందామనుకుంటే కస్టమ్స్ దగ్గర ఆగిపోవచ్చు. ‘ఇది పురాతన వస్తువు’ అన్న వాదన అక్కడ నిలవకపోవచ్చు. కాబట్టి వరుస ఇలా ఉండాలి: ముందు హ్యామ్ పరీక్ష, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే సెట్టు. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఆ పరీక్షకు శిక్షణ ఇస్తుంది కాబట్టి తెలుగువాళ్లకు దూరాభారం లేదు. పారాసెట్ నకలును 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ మధ్య నడపొచ్చు, ఆ పట్టీ భారతీయ హ్యామ్‌లకు ఇచ్చినదే. అయితే 1940ల సర్క్యూట్‌ను ఉన్నదున్నట్టు కట్టేస్తే హార్మోనిక్‌లు (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్లుగా పుట్టే అక్కర్లేని సిగ్నళ్లు) ఇతర పట్టీల్లోకి పొంగుతాయి. వాటిని ఆపేందుకు యాంటెనా ముందు ఒక లో-పాస్ ఫిల్టర్ చేర్చాలి. అసలు పారాసెట్‌లో లేని భాగం కాబట్టి దాన్ని పెట్టెలో కలపకుండా విడి డబ్బాలో బయట పెట్టుకోవడం మంచిది.